ఎమ్మార్పీ మీద కొట్టేసిన గీత

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. అమీర్‌పేటలో మెట్రో మారి వెళ్లి రావడానికి రోజూ రెండు గంటలు దాటుతుంది. దారిలో పాటలు వింటాను, ఆఫీసులో ల్యాప్‌టాప్ మీద మీటింగులు ఉంటాయి. తెనాలిలో మా నాన్నగారు, ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు, రాత్రి భోజనం అయ్యాక వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఫోనులో పాత పాటలు పెట్టుకుంటారు. అమ్మకు నిద్ర పట్టదు. ఇద్దరికీ కలిపి ఆరు వేలు దాటకుండా మంచివి కొనాలని ఉంది. ఒక యాప్‌లో 7,999 రూపాయల ఇయర్‌బడ్స్ 1,499కే ఇస్తున్నారు, పక్కనే గడియారం వెనక్కి తిరుగుతోంది. దసరా అమ్మకాలకు మూడు వారాలే ఉంది, ఆగమని మా తమ్ముడు అంటాడు. ఆఫీసులో స్నేహితురాలేమో పెద్ద కంపెనీ హెడ్‌ఫోన్ ఒక దుకాణంలో ‘ఒరిజినల్’ మూడు వేలకే దొరుకుతుందని చెబుతోంది. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మీ తమ్ముడి మాట సగం వినండి. స్నేహితురాలి మాట వినవద్దు. ఆ గడియారం వైపు చూడనే వద్దు.

ముందు ఆ 7,999 సంగతి. ఆషాఢంలో చీరల దుకాణానికి మీరు వెళ్లే ఉంటారు. నాలుగు వేల చీర రెండు వేలకే అని బోర్డు ఉంటుంది. ఇదే చీరను జ్యేష్ఠంలో నాలుగు వేలకు ఎవరైనా కొన్నారా అని అడిగితే చీరలు మడతపెట్టే అమ్మాయి నవ్వి ఊరుకుంటుంది. ఇయర్‌బడ్స్ లోకంలో ఏడాది పొడవునా ఆషాఢమే. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని చట్టం పెట్టిన హద్దు. పన్నులన్నీ కలుపుకుని దాన్ని పెట్టె మీద అచ్చువేయాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతాయి. ఆ హద్దును ఎంత ఎత్తున పెట్టుకోవాలన్నది మాత్రం కంపెనీ ఇష్టం. మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచీ 1,499కే అమ్ముడవుతున్న వస్తువు మీద కూడా 7,999 అని అచ్చువేసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర అక్షరాలతో 81 శాతం తగ్గింపు అని రాసుకోవచ్చు. కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉంటాయి. మీ చేతిలో మిగిలింది మాత్రం సున్న.

కాబట్టి కొట్టేసిన అంకెను బొటనవేలితో మూసేయండి. మిగిలిన 1,499కి ఈ వస్తువు తగినదేనా అని చూడండి. తగ్గింపు నిజమా కాదా తెలుసుకోవాలంటే గత నాలుగైదు నెలల్లో అది ఎంతకు అమ్ముడైందో తెలియాలి. అమెజాన్‌లో వస్తువుల పాత ధరలను గీతల పటంగా చూపే కీపా లాంటి సాధనాలు ఉన్నాయి. అవి వద్దనుకుంటే నా పద్ధతి ఇంకా మొరటుది. కొనాలనుకున్న మోడల్ ధరను వారానికోసారి గోడ క్యాలెండరు మీద, పాలవాడి లెక్కల పక్కన, పెన్సిలుతో రాస్తాను. నాలుగు ఆదివారాలు గడిచేసరికి వస్తువు అసలు ధర ఏమిటో తెలిసిపోతుంది. మీ చేతిలో మూడు వారాలు ఉన్నాయి. ఇవాళే మొదలుపెట్టండి.

గడియారం గురించి ఒక్క మాట. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న కొనుగోలుదారులను తప్పుదారి పట్టించే 13 రకాల ఆన్‌లైన్ ఎత్తుగడల జాబితాను ప్రకటించింది. అందులో మొట్టమొదటిది లేని తొందర పుట్టించడం. ‘రెండే మిగిలాయి’, ‘ఇంకా 14 నిమిషాలే’ లాంటివి అబద్ధమైతే ఈ కోవలోకే వస్తాయి. ప్రతి గడియారమూ దొంగది అనను. రేపు ఉదయం పదకొండు గంటలకు అదే పేజీ తెరిచి చూడండి. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతూ ఉంటే ఇక నేను చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ఆ పేజీని కాస్త దగ్గరగా చదువుదాం. ఈ ధరలో వచ్చే పేజీలు ఎన్ని చదివానో లెక్క లేదు గనుక మీది చూడకపోయినా అందులో ఏముంటుందో ఊహించగలను. పైన పెద్ద అక్షరాలతో ‘ఈఎన్‌సీ’ అని ఉంటుంది. మీకు కావలసింది ఏఎన్‌సీ. ఒక్క అక్షరమే తేడా, పని మాత్రం పూర్తిగా వేరు. ఏఎన్‌సీ అంటే బయటి రొద మీ చెవికి చేరకుండా తగ్గించేది. ఈఎన్‌సీ అంటే మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొద అవతలివారికి వినిపించకుండా చూసేది. మెట్రోలో కూర్చున్న మీకు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ కింద ‘60 గంటలు’ అని ఉంటుంది. అది డబ్బీలోని ఛార్జింగు కూడా కలిపిన లెక్క, తరచుగా సగం వాల్యూమ్‌లో, ఏఎన్‌సీ ఆపేసి కొలిచినది. చెవిలో పెట్టుకున్నాక ఒక విడతలో ఎన్ని గంటలు వస్తుందన్నది చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. ‘13 మిల్లీమీటర్ల డ్రైవర్’ అని ఇంకో వరుస. డ్రైవర్ అంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు. డ్రైవర్ పెద్దదైతే శబ్దం బాగుంటుందన్న నియమం ఏదీ లేదు. గిన్నె పెద్దదైనంత మాత్రాన పులుసు రుచిగా ఉంటుందా?

మెట్రోలో మీకు ఏఎన్‌సీ నిజంగా పనికొస్తుంది. బుల్లి మైకు బయటి శబ్దాన్ని విని, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే శబ్దతరంగాన్ని ఇయర్‌బడ్ పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. పట్టాల మీది గడగడ, ఏసీ హోరు, బస్సు ఇంజిను లాంటి ఆగకుండా సాగే లోతైన శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. పక్క సీటులో ఫోను స్పీకరు పెట్టి వీడియోలు చూసే మహానుభావుడి మీద అంతగా పనిచేయదు. మనుషుల గొంతులను ఆపేది చాలావరకు చెవి రంధ్రాన్ని మూసే రబ్బరు టిప్పే. ‘49 డెసిబెళ్లు’, ‘50 డెసిబెళ్లు’ అని రాసే అంకెలు ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ శబ్దం దగ్గర దొరికిన అత్యుత్తమ ఫలితం. వాటిని పట్టుకుని రెండు మోడళ్లను పోల్చకండి.

ఈ ఏఎన్‌సీకి ఒక కథ ఉంది. అమర్ బోస్ అనే ఇంజినీరు, బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య పోరాట యోధుడి కొడుకు, 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఇంజిను హోరులో సంగీతం వినిపించలేదు. దిగేలోపే ఆ హోరును రద్దు చేయడం ఎలాగో కాగితం మీద లెక్కలు వేశారు. ఆ లెక్క పైలట్లకు అమ్మే హెడ్‌సెట్‌గా బయటికి వచ్చేసరికి 1989 అయింది, మామూలు ప్రయాణికుల హెడ్‌ఫోన్‌గా వచ్చేసరికి 2000. ఒకప్పుడు పైలట్లకు మాత్రమే దక్కిన ఆ విద్య ఇవాళ మూడు వేల రూపాయల ఇయర్‌బడ్‌లో చెప్పుకోదగినంతగా పనిచేస్తోంది. ఈ వస్తువుల్లో నిజమైన తగ్గింపు అదే. ఏ బ్యానరు మీదా రాయరు గానీ, ఏడాది ఏడాదికీ జరుగుతూనే ఉంటుంది.

దాన్ని అందుకునే మార్గం ఒక మెట్టు వెనక ఉన్న మోడల్ కొనడం. సోనీవాళ్ల పెద్ద హెడ్‌ఫోన్ల సంగతే చూడండి. డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 మన దేశంలోకి 2020లో 29,990 రూపాయలకు వచ్చింది. 2022లో ఎక్స్‌ఎం5, 2025లో ఎక్స్‌ఎం6 వచ్చాయి. ఈలోగా ఎక్స్‌ఎం4 పండుగ అమ్మకాల్లో ఇరవై వేల లోపుకు దిగింది. పైగా ఎక్స్‌ఎం4 చక్కగా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, ఎక్స్‌ఎం5 అలా మడవదు, ఎక్స్‌ఎం6లో మళ్లీ మడత తెచ్చారు. కొత్తదన్నది అన్నిటా మెరుగు కానక్కరలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇది మీ లెక్కకు అందేది కాదు, తెలుసు. సూత్రం మాత్రం మీ ధరలోనూ చెల్లుతుంది. 2024 జులైలో వన్‌ప్లస్ నార్డ్ బడ్స్ 3 ప్రో 3,299కి, సీఎంఎఫ్ బడ్స్ ప్రో 2 4,299కి ఏఎన్‌సీతో వచ్చాయి. ఇలాంటివాటికి వారసులు రాగానే ఇవి దిగుతాయి. ఇవే కొనమని చెప్పడం లేదు. మీరు వెతకవలసిన తరగతి ఇది.

ఒక చిన్న మెలిక. పాత మోడల్ మంచిదే, పాత సరుకు మంచిది కాదు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రెండేళ్లుగా గోదాములో పడి ఉన్న ఇయర్‌బడ్‌లో బ్యాటరీ కూడా రెండేళ్ల వయసుదే. చిక్కుడు గింజంత బ్యాటరీ అది. రోజూ రెండు మూడు గంటలు వాడితే రెండు మూడేళ్లలో నీరసపడుతుంది, దాన్ని మార్చే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉండదు. వస్తువులను విప్పి, బాగుచేయడం ఎంత తేలికో మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ ఆపిల్ మొదటి ఎయిర్‌పాడ్స్‌కు పదికి సున్న వేసింది. అందుకే వాడేసిన ఇయర్‌బడ్స్ ఎంత చవగ్గా వచ్చినా కొనవద్దంటాను. చెవి పరిశుభ్రత సంగతి సరేసరి. చెవిని కప్పే పెద్ద హెడ్‌ఫోన్ల విషయం వేరు. వాటి బ్యాటరీ పెద్దది, కుషన్లు విడిగా దొరుకుతాయి, కాబట్టి వారంటీ ఇచ్చే చోట తెరిచిన పెట్టె సరుకు కొన్నా నష్టం లేదు.

మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు లేవు, ఒక చెవి పోయినవి, ఛార్జింగ్ నిలవనివి, డబ్బీ పోగొట్టుకున్నవి, పదకొండు జతలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చవక బేరమే. మొన్న కూర్చుని కూడితే ఆ డబ్బుకు ఒక మంచి హెడ్‌ఫోన్ వచ్చేది. మా ఆవిడ ఆ డబ్బాను పారేయనివ్వదు, నేను కొత్తది కొంటానన్నప్పుడల్లా మూత తీసి చూపిస్తుంది.

ఆ డబ్బాలోనే మీ స్నేహితురాలికి జవాబు కూడా ఉంది. కొన్నేళ్ల కిందట పేరున్న కంపెనీ ఇయర్‌ఫోన్లను ఒక దుకాణంలో మూడో వంతు ధరకు కొన్నాను. పెట్టె, ప్లాస్టిక్ పొర, లోపలి కాగితాలు అన్నీ అచ్చం అసలువే. పదకొండో రోజున ఎడమ చెవి మూగబోయింది. సర్వీసు సెంటరులో అమ్మాయి సీరియల్ నంబరు టైపు చేసి, తల ఎత్తకుండానే, “ఈ నంబరుతో ఇప్పటికి చాలామంది వచ్చారండీ” అంది. నకిలీలు చేసేవాళ్లు నిజమైన ఒక నంబరును వేల పెట్టెల మీద అచ్చువేస్తారు. అందుకే నంబరు సరిపోయినంత మాత్రాన, ఫోను తెర మీద బొమ్మ కనిపించినంత మాత్రాన సరుకు అసలుదని చెప్పలేం. ఆ హెడ్‌ఫోన్ మిగతా అన్నిచోట్లా పదిహేను వేలు, ఒక్కచోట మూడు వేలు అయితే, ఆ ఒక్కచోటి యజమాని దానకర్ణుడైనా అయి ఉండాలి, లేదా... మీరే పూరించుకోండి.

పెట్టెను చేతిలోకి తీసుకుంటే ఒక పరీక్ష చేయవచ్చు. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు మన దేశంలో బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, నమోదు తప్పనిసరి. పెట్టె మీదో వస్తువు మీదో బీఐఎస్ గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, ఏ వస్తువుకు నమోదు చేశారో కనిపిస్తాయి. అక్కడ పెట్టె మీద రాసిన తయారీదారు కాక వేరే పేరు, వేరే వస్తువు వచ్చినా, గుర్తే లేకపోయినా పెట్టెను మర్యాదగా బల్ల మీద పెట్టేయండి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. బిల్లు లేకుండా ఇస్తే వంద తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. వారంటీకి ఆధారం ఆ బిల్లే. రేపు ఎవరైనా మొండికేస్తే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికీ అదే కావాలి.

మీ తమ్ముడి మాటకు వద్దాం. దసరా ముందు వచ్చే అమ్మకాల్లో ఏఎన్‌సీ తరగతి నిజంగానే కొంత దిగుతుంది. జనవరిలో గణతంత్ర దినోత్సవం, జులై ప్రాంతంలో అమెజాన్ ప్రైమ్ డే, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం పేరిట కూడా ఇలాంటివే జరుగుతాయి, కాబట్టి ఇది తప్పితే మరొకటి ఉంది, కంగారు వద్దు. బ్యాంకు కార్డు మీద పది శాతం తగ్గింపు అన్నప్పుడు కింది చిన్న అక్షరాలు చదవండి. కనీసం ఇంత కొనాలని, గరిష్ఠంగా ఇంతే తగ్గిస్తామని రెండు షరతులు ఉంటాయి. కనీసం అయిదు వేలు కొనాలనే షరతు ఉంటే మీ మూడు వేల ఇయర్‌బడ్స్‌కు ఆ తగ్గింపు వర్తించదు. దాన్ని అందుకోవడానికి అక్కరలేని రెండు వేల సరుకు బుట్టలో వేసేవాళ్లను చూశాను. నేనూ వేశాను ఒకసారి.

‘వడ్డీ లేని’ వాయిదాల జోలికి ఇంత చిన్న మొత్తానికి వెళ్లకండి. ఆరు వేలకు ఆరు నెలలు అనుకుందాం. బ్యాంకు 15 శాతం చొప్పున వడ్డీ వేస్తుంది, అది రమారమి 250 రూపాయలు. ఆ మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు, అక్కడి వరకు బాగానే ఉంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 45 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపితే 235. మొత్తం 280 రూపాయలు. ఆరు వేల మీద అయిదు శాతానికి కాస్త తక్కువ, పండుగ తగ్గింపులో సగం అక్కడే పోయింది.

కొనే ముందు ఒకసారి పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి, నమూనాగా పెట్టినవాటిని చెవిలో పెట్టుకుని చూడండి. మీ సొంత టిప్పులు పట్టుకెళ్తే ఇంకా మంచిది. చెవికి పట్టడం అనేది ధర కంటే, బ్రాండు కంటే ముందు చూడవలసిన సంగతి. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని కాస్త పైకి లాగండి, చెవి దారి తిన్నగా అవుతుంది. ఇయర్‌బడ్‌ను లోపల పెట్టి కొద్దిగా తిప్పి, చెవిని వదలండి. సరిగ్గా కూర్చుంటే బయటి శబ్దం ఒక్కసారి తలుపు మూసినట్టు తగ్గుతుంది. అప్పుడు ఆవలించండి, ఏదో నములుతున్నట్టు దవడ ఆడించండి. జారిపోతే టిప్పు సైజు తప్పు. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు, నా ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి చిన్నది. టిప్పు వదులుగా ఉంటే మృదంగం, తబలా వినిపించవు, ఏఎన్‌సీ సగం పనే చేస్తుంది. ‘బాస్ లేదు, చెత్త సరుకు’ అని ఒక నక్షత్రం వేసిన సమీక్షల్లో చాలా వాటి వెనక ఈ రబ్బరు ముక్కే ఉందని నా అనుమానం. సమీక్షలు చదివేటప్పుడు మూడు నక్షత్రాలవి ముందు చదవండి, మెచ్చుకోలూ తిట్టూ రెండూ పొదుపుగా ఉంటాయి. వాటిలోనూ ఆరు నెలలు వాడి రాసినవి వెతకండి.

దుకాణంలో నచ్చితే ఫోనులో ఆన్‌లైన్ ధర చూపించి అడగండి. చాలాసార్లు దిగుతారు. వంద రూపాయలు ఎక్కువైనా నేను అక్కడే కొంటాను, పాడైతే మనిషి ఎదురుగా ఉంటాడు. ఆన్‌లైన్‌లో అయితే ‘ఏడు రోజుల్లో మార్పిడి’ అన్నదానికీ ‘తిరిగి ఇవ్వవచ్చు’ అన్నదానికీ తేడా గమనించండి. మొదటిదానిలో చెవికి పట్టకపోతే డబ్బు వెనక్కి రాదు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి.

ఆఫీసు మీటింగుల గురించి మీరు అడగలేదు గానీ అక్కడే చాలామంది తమ ఇయర్‌బడ్స్ పాడైపోయాయని పొరబడతారు. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక దారి, మాట్లాడుతూ వినడానికి ఇంకో దారి. మైకు తెరవగానే రెండో దారికి మళ్లుతుంది, అప్పటిదాకా నిండుగా ఉన్న శబ్దం పాతకాలపు ట్రంకు కాల్‌లా సన్నబడుతుంది. పదివేలు పెట్టినా చాలావాటిలో ఇదే తంతు. దీనికి ఖర్చులేని విరుగుడు ఉంది. మీటింగు సెట్టింగుల్లో స్పీకరుగా ఇయర్‌బడ్స్‌ను, మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. అవతలివారికీ మీ గొంతు స్పష్టంగా వెళ్తుంది. ఒకేసారి ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ కలిసి ఉండే సౌకర్యం ఉందో లేదో మాత్రం కొనేటప్పుడే చూసుకోండి, మీకు రోజూ అవసరం. మీది ఐఫోన్ అయితే ఎల్‌డీఏసీ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ వివరంగా పంపే పద్ధతి) అనే స్టిక్కరు కోసం అదనంగా పెట్టకండి, ఐఫోన్ దాన్ని వాడుకోదు.

ఇక నాన్నగారు. నాకు ఈ ఉత్తరంలో అందరికంటే తేలిక ఆయన కేసు.

ఆయనకు ఇయర్‌బడ్స్ కొనకండి. ఛార్జింగ్ డబ్బీ, జత కలపడం, ఒక చెవి ఎడమదా కుడిదా, రాత్రిపూట వరండాలో కింద పడితే వెతుక్కోవడం, ఇవన్నీ ఆయనకు ఎందుకు? పడక కుర్చీలో కదలకుండా కూర్చుని వినే మనిషికి వైరు ఉన్న హెడ్‌ఫోన్ అన్నివిధాలా మేలు. వైర్‌లెస్ దానిలో మీరు పెట్టే డబ్బు బ్యాటరీకి, బ్లూటూత్ చిప్‌కు, డబ్బీకి పంచుకుపోతుంది. వైరు దానిలో అంతా శబ్దం మీదే ఖర్చవుతుంది. సోనీ ఎండీఆర్-జెడ్ఎక్స్110 లాంటి తేలికపాటివి వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఏళ్ల తరబడి దొరుకుతున్నాయి. చెవిని పూర్తిగా కప్పేది కావాలంటే ఇంకొంచెం పెట్టండి. వెనక వైపు మూసి ఉన్న రకమే తీసుకోండి. జల్లెడలాంటి రంధ్రాలుండే రకం సంగీతప్రియులకు ముద్దు, కానీ పాట బయటికి వినిపిస్తుంది, అమ్మగారి నిద్ర మళ్లీ మొదటికి వస్తుంది. పదిహేను వందలు పెట్టి అయిదేళ్లు వాడితే నెలకు పాతిక రూపాయలు. మీ 1,499 ఇయర్‌బడ్స్ ఏడాదిన్నర వస్తాయనుకున్నా నెలకు 83.

‘హై-రెస్’ (ఎక్కువ వివరంతో వినిపిస్తుందని అర్థం) అని బంగారు రంగు గుర్తు ఉన్నదాని కోసం నాన్నగారి పేరు చెప్పి ఎక్కువ పెట్టకండి. ఆయన వినే పాటలు 1950ల నాటివైతే అవి చాలావరకు కొద్దిపాటి మైకుల ముందు పాటగాడూ వాద్యబృందమూ కలిసి చేసిన మోనో రికార్డింగులు, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం. అందులో లేని వివరాన్ని ఏ హెడ్‌ఫోనూ పుట్టించలేదు. ఆ పాటలకు కావలసింది గొంతు నిండుగా, సూటిగా వినిపించడం. మంచి మామూలు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే పాటగాడు చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. ఫోను స్పీకరులో ఇన్నాళ్లూ ఆయనకు అది వినిపించి ఉండదు.

ఒక సంగతి మాత్రం గమనించండి. ఆయన ఫోను వాల్యూమ్ ఎంత పెడుతున్నారు? టీవీ కూడా గట్టిగా పెడుతున్నారా? అలా అయితే హెడ్‌ఫోన్ కంటే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు, 90 డెసిబెళ్లయితే 4 గంటలే. పది డెసిబెళ్ల తేడాకు 36 గంటలు ఎగిరిపోతాయి. మెట్రోలో పట్టాల మోతను జయించాలని వాల్యూమ్ పెంచే మీకూ ఇదే వర్తిస్తుంది. ఏఎన్‌సీ మీద డబ్బు పెట్టమని నేను చెప్పడానికి సగం కారణం ఇదే.

డబ్బు పంపకం ఇలా పెట్టుకోండి. నాన్నగారికి పదిహేను వందల లోపు. దీనికి దసరా దాకా ఆగనక్కరలేదు, ఆగితే మిగిలేది వందో నూటాభయ్యో, ఈలోగా అమ్మగారికి ఇరవై రాత్రులు నిద్ర ఉండదు. మీకు మూడు వేల నుంచి మూడున్నర వేల లోపు ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్, ఒక మెట్టు వెనకటి మోడల్, మూడు వారాలు ధర రాసుకుని, అమ్మకాల మొదటి రెండు రోజుల్లో. మిగిలిన వెయ్యి చేతిలో ఉంచుకోండి. అందులో కొంత ఖర్చవుతుందా లేదా అన్నది నాన్నగారి ఫోను మీద ఆధారపడి ఉంది.

ఎలాగంటే, ఈ రాత్రి తెనాలికి ఫోన్ చేసి, ఆయన ఫోను పై అంచునూ కింది అంచునూ ఫోటో తీసి పంపమని అమ్మగారికి చెప్పండి. గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే వైరు నేరుగా అందులో పెట్టుకోవచ్చు. ఛార్జింగ్ పెట్టే బల్లపరుపు రంధ్రం ఒక్కటే ఉంటే టైప్-సి నుంచి 3.5 మిల్లీమీటర్లకు మార్చే బుల్లి వైరు ఒకటి కొనాలి. వందకు దొరికే వాటిలో కొన్నయితే, కొన్ని ఫోనుల్లో పలకనే పలకవు, లోపల డాక్ చిప్ (ఫోనులోని అంకెల పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చేది) ఉన్నదని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఆ బుల్లి వైరును హెడ్‌ఫోన్ వైరుకే తగిలించి, చిన్న టేపు ముక్కతో చుట్టి ఇవ్వండి, లేకపోతే వారంలో పోగొట్టుకుంటారు.